బడి పిల్లల ఆరోగ్యం కోసం అడిగిన డాక్టరమ్మ

మన వసతి గృహానికి డాక్టరుగారు పరీక్షలకు వస్తున్నారంటే, సూది వేస్తారన్న భయంతో మేము కొందరం జీడితోటల్లోకి పారిపోయేవాళ్లం. ఒకసారి అలా దొరికిపోయిన మా మిత్రుడికి చూపు సరిగా లేదని తేలింది. అప్పటిదాకా వాడిని మొద్దు అనుకుని బడిలో వెనక బెంచీలో కూర్చోబెట్టారు. కళ్లజోడు వచ్చాక వాడు మాతో సమానంగా చదివాడు. బడి పిల్లలకు ఇలాంటి పరీక్షలు జరపాలని దాదాపు వందేళ్ల క్రితమే మద్రాసు శాసనమండలిలో కోరిన డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి గారి జీవితాన్ని ఈ వార్షికోత్సవ సంచికలో మీ ముందుంచుతున్నాము.

ఆమె 1886 జూలై 30న పుదుక్కోట సంస్థానంలో పుట్టారు. తండ్రి నారాయణస్వామి అయ్యర్ కళాశాల ప్రిన్సిపాల్. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబం నుంచి వచ్చారు. ఆ కారణంగా లోకం చిన్నచూపు చూసింది. మగపిల్లల కళాశాలలో ఆడపిల్లను చేర్చుకోవద్దని పెద్దలు అడ్డుపడ్డారు. రాజావారి అనుమతితోనే ఆమెకు సీటు దక్కింది. 1907లో మద్రాసు వైద్య కళాశాలలో చేరి, 1912లో డాక్టరు పట్టా పుచ్చుకున్నారు. 1914లో డాక్టర్ సుందర రెడ్డి గారిని వివాహమాడారు.

1926-27లో ఆమె మద్రాసు శాసనమండలికి నామినేట్ అయ్యి, డిప్యూటీ ప్రెసిడెంట్ కూడా అయ్యారు. అప్పుడు మన టెక్కలి, పలాస ప్రాంతం కూడా మద్రాసు రాజధానిలోనే ఉండేది. ఇంగ్లండులో 1907 చట్టంతో బడి పిల్లల వైద్యపరీక్ష స్థానిక సంస్థల బాధ్యత అయింది. ఇక్కడ కూడా మునిసిపల్ బడులతో సహా అన్ని బడుల్లో, కళాశాలల్లో విద్యార్థులను క్రమం తప్పకుండా పరీక్షించాలని ఆమె సభలో ప్రతిపాదించారు. కలిగినవారి పిల్లలకు ఇంటికే డాక్టరు వస్తాడు. కూలివాళ్ల పిల్లలకు బడే దిక్కు. చూపు, వినికిడి, పళ్లు, రక్తహీనత వంటి లోపాలు ముందే తెలిస్తే చిన్న వైద్యంతో సరిపోతుంది. తెలియకపోతే చదువే ఆగిపోతుంది.

గాంధీజీ అరెస్టుకు నిరసనగా 1930లో ఆమె పదవికి రాజీనామా చేశారు. ఆ రోజుల్లోనే దేవదాసీ కుటుంబాల ఆడపిల్లలు కొందరు ఆమెను ఆశ్రయించారు. ఏ హాస్టలూ వారిని చేర్చుకోలేదు. అప్పుడు ఆమె తన ఇంట్లోనే చోటిచ్చారు. అదే అవ్వై హోమ్‌గా పెరిగింది. హాస్టలు లేకపోతే మాకు చదువే లేదు కనుక, ఈ ఒక్క సంగతి చాలు ఆమెకు చేతులెత్తి మొక్కడానికి.

చెల్లెలు క్యాన్సర్‌తో చనిపోయిన బాధను మరువక, 1954లో అడయారులో క్యాన్సర్ ఆసుపత్రి ప్రారంభమయ్యేలా చేశారు. 1956లో పద్మభూషణ్ అందుకున్నారు. 1968 జూలై 22న కన్నుమూశారు.

మన ఉద్దానంలో కిడ్నీ జబ్బు లోలోపల ముదిరిన తర్వాతే బయటపడుతుంది. మన ఇళ్లల్లో పెద్దలను అలాగే పోగొట్టుకున్నాము. 2023లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, సంతోషమే. కానీ జబ్బును ముందే పట్టుకునేది పరీక్ష. కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, డాక్టరుగారు వచ్చిన రోజున మాలాగ తోటల్లోకి పారిపోకండి. వరుసలో ముందు నిలబడండి. డాక్టరు రాకపోతే, ఎందుకు రాలేదని అడగండి.