రెండు కుర్చీలు వద్దన్న పత్తి కూలీ

1964 ఆగస్టులో అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో డెమోక్రటిక్ పార్టీ జాతీయ మహాసభ జరిగింది. మిసిసిపీ రాష్ట్రం నుంచి ఆ సభకు రెండు బృందాలు వచ్చాయి. ఒకటి పార్టీ అధికారికంగా పంపిన తెల్లవాళ్ల బృందం. రెండోది, ఆ పార్టీ గడప తొక్కనివ్వని నల్లజాతి ప్రజలు సొంతంగా సభలు పెట్టుకుని ఎన్నుకున్న 68 మంది. ఈ రెండో బృందానికి ఉపనాయకురాలు ఫానీ లూ హేమర్.

ఆమె 1917లో పుట్టింది. ఇరవై మంది పిల్లల్లో ఆఖరిది. తల్లిదండ్రులు దొరల భూమిలో పాలుకు సేద్యం చేసేవాళ్లు. పంట సగం ఇచ్చాక, విత్తనాల అప్పూ తిండి అప్పూ పోగా ఏడాది చివర ఏం మిగులుతుందో మన పాలమూరులోనో పల్నాడులోనో ఎవరిని అడిగినా చెబుతారు. ఆరేళ్లకే ఆమె పత్తి ఏరింది. పెద్దయ్యాక, చదవడం రాయడం వచ్చు కాబట్టి, ఎస్టేట్‌లో కూలీల లెక్కలు రాసే పని దొరికింది. 1961లో గర్భంలో కంతి తీస్తామని ఆసుపత్రిలో చేర్చుకుని, ఆమెకు చెప్పకుండా గర్భసంచే తీసేశారు.

1962 ఆగస్టు 31న మరో పదిహేడు మందితో కలిసి ఓటు నమోదుకు ఇండియనోలా పట్టణానికి వెళ్లింది. అక్కడి గుమాస్తా రాష్ట్ర రాజ్యాంగంలోంచి ఒక సెక్షన్ తీసి వివరించమన్నాడు. తెల్లవాళ్లను అలా అడిగేవాళ్లు కాదనుకోండి. తిరుగు దారిలో పోలీసులు బస్సును ఆపి, దాని పసుపు రంగు స్కూలు బస్సు రంగులా ఉందని జరిమానా వేశారు. ఇంటికి చేరేసరికి దొర కబురు సిద్ధంగా ఉంది: దరఖాస్తు వెనక్కి తీసుకో, లేదా వెళ్లిపో. పద్దెనిమిదేళ్లు పని చేసిన చోటును ఆమె ఆ రాత్రే విడిచింది. మరుసటి ఏడాది జూన్‌లో శిక్షణ తరగతుల నుంచి తిరిగొస్తుంటే వినోనా జైల్లో పెట్టి, తోటి నల్లజాతి ఖైదీలతోనే కొట్టించారు. కిడ్నీకీ కంటికీ తగిలిన ఆ దెబ్బలు చచ్చేదాకా ఆమెను వదల్లేదు.

మేము ఆమె గురించి చదవడం మొదలుపెట్టింది అట్లాంటిక్ సిటీలో ఇచ్చిన సాక్ష్యం కోసం. అయితే మమ్మల్ని ఎక్కువగా ఆపింది దానికి ముందు జరిగిన పని. 1963 నవంబరులో అక్కడి ఉద్యమకారులు చర్చిల్లో, దుకాణాల్లో పెట్టెలు పెట్టి ఉత్తుత్తి ఎన్నిక నడిపారు. ఎనభై వేల మందికి పైగా ఓటేశారు. నల్లవాళ్లకు ఓటు మీద ఆసక్తి లేదన్న వాదన దాంతోనే చచ్చింది. 1964 ఏప్రిల్‌లో మిసిసిపీ ఫ్రీడమ్ డెమోక్రటిక్ పార్టీ పుట్టింది. అది అధికార పార్టీ నిబంధనలనే తీసుకుంది: ముందు బూత్ సభ, తర్వాత కౌంటీ సభ, ఆగస్టు 6న జాక్సన్‌లో రాష్ట్ర సభ. కూలీలు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు తీర్మానం పెట్టడం, బలపరచడం, చేతులెత్తి లెక్కించడం నేర్చుకున్నారు. తలుపు ఎవరికైనా తెరిచే ఉంది కాబట్టి ఎన్నికైన 68 మందిలో కొందరు తెల్లవాళ్లూ ఉన్నారు. ఈ సభకు రెండు రోజుల ముందే, జూన్‌లో హత్యకు గురైన ముగ్గురు కార్యకర్తల శవాలు మట్టికట్ట కింద దొరికాయి.

అట్లాంటిక్ సిటీలో అర్హతల కమిటీ ముందు హేమర్ తన కథంతా చెప్పింది. ప్రత్యక్ష ప్రసారం సాగుతుండగానే అధ్యక్షుడు జాన్సన్ హడావిడిగా విలేకరుల సమావేశం పెట్టి కెమెరాలను తనవైపు తిప్పుకున్నాడు. టీవీలు రాత్రి ఆమె మాటల్ని మళ్లీ వేశాయి, ఇంకా ఎక్కువమంది చూశారు.

అప్పుడు పార్టీ ఒక రాజీ తెచ్చింది. మొత్తం బృందానికి రెండే సీట్లు. అవి కూడా మిసిసిపీ పేరున కాదు. అందులో కూర్చునేది ఎవరో కూడా పార్టీయే తేల్చింది. హేమర్ పేరు లేదు. పేరున్న నాయకులు కొందరు తీసుకోమని నచ్చజెప్పారు. బృందం ఓటు వేసి తిరస్కరించింది. రెండు సీట్ల కన్నా, ఆ పేర్లు వేరేవాళ్లు రాయడమే ఇక్కడ అసలు విషయమని మా అభిప్రాయం. 1932 పూనా ఒడంబడిక తర్వాత మనం అడుగుతూనే ఉన్నాం: కుర్చీ ఇచ్చేవాడే మనిషినీ ఎంచితే ఆ ప్రతినిధి ఎవరి మనిషి? మిసిసిపీ కూలీలకు పూనా సంగతి తెలియకపోవచ్చు, జవాబు మాత్రం తెలుసు.

సానుభూతిపరుల బ్యాడ్జీలు అరువు తెచ్చుకుని వాళ్లు సభలోకి వెళ్లి మిసిసిపీ కుర్చీల్లో కూర్చున్నారు. మర్నాటికి ఆ కుర్చీలే తీసేశారు. వాళ్లు ఖాళీ నేల మీద నిలబడ్డారు.

1968 చికాగో మహాసభలో హేమర్ ప్రతినిధిగా కూర్చుంది, సభ లేచి చప్పట్లు కొట్టింది. దాని గురించి ఎక్కువ రాయం. మరుసటి ఏడాది ఆమె సన్‌ఫ్లవర్ కౌంటీలో ఫ్రీడమ్ ఫార్మ్ సహకార క్షేత్రం మొదలుపెట్టింది. ఓటు అడిగినందుకు పనిలోంచి, ఇంట్లోంచి గెంటేసిన కుటుంబాలకు తిండి కావాలి. అందుకే కూరగాయల మళ్లు, వాటితో పాటు పందుల బ్యాంకు. కుటుంబం ఆడపందిని తీసుకెళ్లి, పిల్లల్ని ఉంచుకుని, తల్లిని తిరిగిచ్చేది. ఆ తల్లి ఇంకో ఇంటికి వెళ్లేది. 1977 మార్చి 14న, యాభై తొమ్మిదేళ్లకే ఆమె చనిపోయింది. రూల్‌విల్‌లో, ఆ సహకార క్షేత్రం నేలలోనే పాతిపెట్టారు.