పురసేవాధురీణులు సర్ పిట్టి త్యాగరాయ శెట్టి గారు

చెన్నపట్టణం వెళ్ళిన తెలుగువారిలో టీ నగర్ చూడనివారు అరుదు. పెండ్లి పట్టుచీరల కోసం మీరూ ఆ వీధులలో తిరిగే ఉంటారు. త్యాగరాయ నగరమనే ఆ పేట ఏ మహనీయుని పేరిట వెలసినదో ఈ శుభవేళ స్మరించుకుందాం.

శ్రీ త్యాగరాయ శెట్టి గారు 1852లో తెలుగు మాతృభాషగా గల దేవాంగ కుటుంబంలో జన్మించారు. 1876లో ప్రెసిడెన్సీ కళాశాలలో పట్టభద్రులై, కులవృత్తియైన నేతను వ్యాపారంగా వృద్ధిచేశారు. 1882లో మద్రాసు నగరపాలక సంఘ సభ్యులైనారు. నాటి నుండి సుమారు నాలుగు దశాబ్దాలు ఆ సభయే వారి కర్మక్షేత్రం. అనధికార సభ్యులలో నుండి ఎన్నికై ఆ సంఘానికి అధ్యక్షులైన వారిలో ప్రథములు వారే.

1916లో డాక్టర్ టి.ఎం. నాయర్ ప్రభృతులతో కలసి వారు స్థాపించిన పక్షమే జస్టిస్ పార్టీగా ప్రసిద్ధి చెందింది. 1920 ఎన్నికలలో ఆ పార్టీ గెలుపొందగా, గవర్నరు విల్లింగ్‌డన్ ప్రభువు మంత్రివర్గం ఏర్పరచవలసిందిగా వారినే ఆహ్వానించారు. రాజధానికంతటికీ ముఖ్యమంత్రి పదవి! వారు దానిని స్వీకరించలేదు. సుబ్బరాయలు రెడ్డియార్ గారు ముఖ్యమంత్రి కాగా, శెట్టి గారు నగరపాలక సంఘంలోనే నిలిచారు.

అక్కడ వారు సాధించినదేమని మీరడుగవచ్చు. ఆకలిగొన్న పేదబిడ్డ బడికి రాలేడని గ్రహించి, 1920లో థౌజండ్ లైట్స్ ప్రాంతపు కార్పొరేషన్ పాఠశాలలో మధ్యాహ్న భోజనానికి వారి సంఘం తీర్మానించింది. విద్యార్థి ఒక్కింటికి దినమునకు అణాకు మించరాదని నియమం. పిదప మరికొన్ని పాఠశాలలకు అది విస్తరించింది. ప్రాథమిక విద్యా నిధి నుండి ఈ వ్యయం తగదని ప్రభుత్వం అభ్యంతరపెట్టగా 1925లో ఆగిపోయింది. అదే సంవత్సరం శెట్టి గారు పరమపదించారు.

అయినను ఆ అణా అన్నం వృథా పోలేదు. 1956లో కామరాజ్ గారి కాలాన తమిళనాట ఆ ఆశయం తిరిగి చిగురించింది. 2003లో మన ఆంధ్రప్రదేశ్ బడులలోనూ వేడి అన్నం వడ్డన మొదలైంది.

నేడు రిపన్ భవన ప్రాంగణంలో వారి విగ్రహం నిలిచి ఉంది. అంతకన్న గొప్ప స్మారకం మధ్యాహ్నవేళ బడి ముంగిట పంక్తిలో కూర్చున్న పసివాని చేతిలోని కంచం. కుంభాభిషేక దినాన అన్నప్రసాదం స్వీకరించే మీరు, పదవిని వదలి పురసేవను వరించిన ఆ పుణ్యమూర్తిని ఒక్క క్షణం తలచుకొందురు గాక!