కలైవాణర్ ఎన్. ఎస్. కృష్ణన్

నవ్వించువానిని లోకము ప్రేమించును గాని, అతని మాటను మన్నించుట అరుదు. తమిళదేశమున ఇందుకు భిన్నముగా నిలిచినవాడు ఎన్. ఎస్. కృష్ణన్. ఆయన ఎన్నికలలో నిలువలేదు, పదవి కోరలేదు. అయినను ఆ దేశపు రాజకీయములలో ఆయన హాస్యమునకు గొప్ప స్థానము కలదు.

1908 నవంబరు 29న, నాటి తిరువాన్కూరు సంస్థానములోని నాగర్‌కోయిలులో ఒక పేద కుటుంబమున ఆయన జన్మించెను. చదువు మొదటి తరగతులతోనే ముగిసెను. నాటకశాలలో సోడాలమ్ముచు నాటకములు చూచిన బాలుడు, తుదకు బాలుర నాటక సమాజమున చేరి తానే నటుడయ్యెను. 1936లో విడుదలైన ‘సతీ లీలావతి’ చిత్రమున నటించెను. సహనటి టి. ఏ. మధురం ఆయన జీవిత సహచరియయ్యెను. తమ హాస్య ఘట్టములను తామే కల్పించుకొనుట ఆ దంపతుల ప్రత్యేకత. కుల గర్వము, మూఢ విశ్వాసము, మద్యపానము వారి పరిహాసమునకు గురియైనవి. తిట్టు మాత్రము లేదు. తప్పు చేసినవాడు కూడ ఇతరులతోబాటు నవ్వి, ఇల్లు చేరిన పిమ్మట ఆలోచించుకొనవలసినదే.

1944లో పెద్ద విపత్తు వచ్చిపడెను. లక్ష్మీకాంతన్ అను పత్రికా సంపాదకుని హత్య కేసులో కృష్ణన్‌ను, ప్రసిద్ధ గాయక నటుడు త్యాగరాజ భాగవతార్‌ను నిర్బంధించిరి. 1945లో ఇరువురికిని యావజ్జీవ శిక్ష పడెను. వ్యాజ్యము లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు సాగి, మరల మద్రాసు హైకోర్టునకు రాగా, 1947లో నిర్దోషులుగా విడుదలైరి. భాగవతార్ ప్రాభవము మరల తిరిగి రాలేదు. కృష్ణన్ మాత్రము మునుపటివలెనే నవ్వించుచు వచ్చెను.

1949లో అణ్ణాదురై రచించిన ‘నల్లతంబి’ చిత్రమును ఆయన నిర్మించెను. మద్యనిషేధము అందలి ముఖ్య విషయము. ఆ యేడే అణ్ణాదురై ద్రావిడ మున్నేట్ర కళగమును స్థాపించెను. 1952లో కృష్ణన్ దర్శకత్వము వహించిన ‘పణం’ చిత్రమున ఒక చమత్కారము కలదు. పాటలో ఆ పార్టీ పేరులోని మూడు పొడి అక్షరములను ఆయన పలుమార్లు పలికి, ప్రేక్షకులు ఉప్పొంగుచుండగా, అవి తిరుక్కురళ్ పేరిట వెలసిన వేరొక కళగమునకు గుర్తులని ముగించును. సెన్సారువారు ఏమనగలరు?

ఇట్టివాడే గాంధీజీ మరణానంతరము నాగర్‌కోయిలులో సొంత ధనముతో స్మారకస్తంభము నిర్మించెను. ఇది పరస్పర విరుద్ధమని కొందరికి తోచవచ్చును, మాకట్లు తోచదు. ఆయన పార్టీకి మిత్రుడే గాని బంటు కాడు.

1957లో ఆ పార్టీ మొదటిసారి ఎన్నికలలో దిగెను. కాంచీపురమున అణ్ణాదురైకి ప్రత్యర్థి ఒక వైద్యుడు. ప్రచారమునకు వెళ్లిన కృష్ణన్, సభలో చాలసేపు ఆ వైద్యుని హస్తవాసిని, దయాగుణమును పొగడెనట! మిత్రులు దిగ్భ్రమ చెందిరి. అంతట, ఇంత మంచి వైద్యుని మద్రాసు పంపినచో మీ రోగములు చూచువారెవరు, ఆయనను ఇచ్చటనే ఉంచుకొని అణ్ణాదురైని శాసనసభకు పంపుడని ఆయన హితవు చెప్పెనని తమిళులు నేటికిని చెప్పుకొందురు. అణ్ణాదురై గెలిచెను, పార్టీకి 15 స్థానములు దక్కెను.

ఆ యేడే ఆగస్టు 30న కృష్ణన్ కన్నుమూసెను. వయస్సు 48 సంవత్సరములే. గడించినదంతయు అడిగినవారికి ఇచ్చివేసియుండెను.

పదేండ్లకు అణ్ణాదురై ముఖ్యమంత్రి అయ్యెను. 1969 జనవరిలో, వ్యాధి ముదిరియుండియు, పొంగల్ నాడు త్యాగరాయనగరమునకు వచ్చి మిత్రుని విగ్రహమును ఆవిష్కరించెను. ఫిబ్రవరి 3న ఆయనయు గతించెను.