మార్కస్ బార్ట్లీ

మార్కస్ బార్ట్లీ (1917 - 1993) తెలుగు, తమిళ, మలయాళ, హిందీ చలనచిత్రాలకు పనిచేసిన సుప్రసిద్ధ ఛాయాగ్రాహకుడు. ఆంగ్లో ఇండియన్ కుటుంబంలో జన్మించిన ఈయన పాతాళభైరవి, మిస్సమ్మ, మాయాబజార్ వంటి విజయా సంస్థ చిత్రాల ద్వారా తెలుగువారికి చిరపరిచితుడయ్యాడు. వెన్నెల రాత్రులను తెరపై చూపడంలో ఈయన సిద్ధహస్తుడు.

తొలి వృత్తి

బార్ట్లీ మొదట పత్రికా ఛాయాగ్రాహకుడిగా, తరువాత వార్తాచిత్రాల ఛాయాగ్రాహకుడిగా పనిచేశాడు. వార్తాచిత్రాలు తీసేవారు ఉన్న వెలుతురుతోనే సరిపెట్టుకోవలసి వచ్చేది. బి.ఎన్.రెడ్డి దర్శకత్వంలో వాహినీ వారు నిర్మించిన స్వర్గసీమ (1945)తో కథాచిత్రాలలో ప్రవేశించాడు. కె.వి.రెడ్డి దర్శకత్వం వహించిన యోగివేమన (1947), గుణసుందరి కథ (1949) చిత్రాలకు కూడా ఈయనే ఛాయాగ్రాహకుడు.

వెన్నెల చిత్రీకరణ

పౌర్ణమినాటి వెన్నెల ఎండకంటే సుమారు 4 లక్షల రెట్లు తక్కువ కాంతి కలది. నిశ్చల చిత్రం తీసేవారు కెమెరాను స్టాండుపై ఉంచి, కటకాన్ని నిమిషాల తరబడి తెరచి ఉంచవచ్చు. చలనచిత్రంలో ఆ వీలు లేదు. సెకనుకు 24 చట్రాలు తీయాలి కనుక ఒక్కొక్క చట్రానికి దాదాపు 1/48 సెకను మాత్రమే కాంతి తగులుతుంది.

ఎక్కువ కాంతిని రాబట్టడానికి పెద్ద ద్వారం గల లెన్సు ఒక మార్గం. ఎఫ్/2.8 కంటే ఎఫ్/2 వద్ద రెట్టింపు కాంతి లోనికి వస్తుంది. అయితే ద్వారం పెరిగినకొద్దీ స్పష్టంగా కనిపించే లోతు తగ్గుతుంది. కదిలే పడవలోని నటుల ముఖాలు, వెనుకనున్న నీరు రెండూ స్పష్టంగా ఉండాలంటే అది ఆటంకమే. ఆనాటి ఫిల్ముతో ఎంత పెద్ద లెన్సు వాడినా నిజమైన వెన్నెలలో నటుల ముఖాలను తీయడం సాధ్యం కాదు. కనుక వెన్నెలను దీపాలతో సృష్టించవలసి వచ్చేది.

మాయాబజార్ (1957)లోని నౌకావిహారపు పాట ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. శశిరేఖాభిమన్యులు, రుక్మిణీకృష్ణులు, రేవతీబలరాములు వెన్నెలలో విహరించే ఈ పాటలో కొద్దిభాగాన్ని మద్రాసు సమీపంలోని ఎన్నూరులో చిత్రీకరించి, మిగిలినదాన్ని స్టూడియోలో తీశారు. రెండింటి వెలుగునీడలు కలిసిపోవడంతో ప్రేక్షకులకు అంతా ఒకే రాత్రి, ఒకే నది అనిపిస్తుంది. ముఖాలు తేటగా ఉన్నా రాత్రి భావం చెడకపోవడం ఇందులోని విశేషం. దీపాలను ఎంత వెలిగించాలో తెలియడంతోపాటు, ఎంత భాగాన్ని చీకటిగా వదిలివేయాలో తెలియడం బార్ట్లీ ప్రతిభ. ఈ చిత్రాన్ని 2010లో రంగులలోకి మార్చి విడుదల చేశారు. అయితే ఆ వెన్నెలను ఆయన కూర్చినది నలుపు తెలుపులలోనే.

గుర్తింపు

1952లో జరిగిన తొలి భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో పాతాళభైరవి ప్రదర్శితమైంది. రాము కరియత్ దర్శకత్వంలో ఈయన ఛాయాగ్రహణం నెరపిన మలయాళ వర్ణచిత్రం చెమ్మీన్ (1965) ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి స్వర్ణపతకం పొందింది. తమిళ చిత్రం శాంతి నిలయం (1969)కు ఈయనకు ఉత్తమ ఛాయాగ్రాహకుడిగా జాతీయ పురస్కారం లభించింది.

ఛాయాగ్రహణం వహించిన కొన్ని చిత్రాలు

షావుకారు (1950)
పాతాళభైరవి (1951)
పెళ్ళిచేసి చూడు (1952)
మిస్సమ్మ (1955)
మాయాబజార్ (1957)
అప్పుచేసి పప్పుకూడు (1959)
జగదేకవీరుని కథ (1961)
గుండమ్మ కథ (1962)
రామ్ ఔర్ శ్యామ్ (1967, హిందీ)