39 అంకెల లెక్క తేల్చిన మాస్టారు

35 మామిడికాయలను అయిదేసి చొప్పున ఏడు కుప్పలు పెట్టవచ్చు. 37 కాయలను అలా సమాన కుప్పలు చేయలేం. ఇలా ఏ విధంగానూ భాగాలు కాని సంఖ్యనే ప్రధాన సంఖ్య అంటారు. 39 అంకెలున్న ఒక సంఖ్య ప్రధాన సంఖ్యేనని యంత్రసాయం లేకుండా రుజువు చేసిన వ్యక్తి ఫ్రాన్స్ దేశపు లెక్కల మాస్టారు ఎడ్వర్డ్ లూకాస్.

లూకాస్ 1842లో అమియెన్స్ పట్టణంలో జన్మించారు. కొంతకాలం పారిస్ వేధశాలలో పనిచేశారు. 1870లో ప్రష్యాతో యుద్ధం రాగా ఫిరంగి దళంలో అధికారిగా చేరారు. యుద్ధం ముగిశాక లెక్కలు చెప్పడమే వృత్తిగా స్వీకరించారు.

మూడు రెండ్లను ఒకదానితో ఒకటి గుణిస్తే 8. ఒకటి తీసేస్తే 7. అయిదు రెండ్లతో ఇలాగే చేస్తే 31. రెండూ ప్రధాన సంఖ్యలే. 67 రెండ్లతోనూ, 127 రెండ్లతోనూ ప్రధాన సంఖ్యలే వస్తాయని మెర్సెన్ అనే ఫ్రెంచి మతగురువు 1644లో ప్రకటించారు. రుజువు మాత్రం చూపలేదు. 127 రెండ్లతో వచ్చే సంఖ్య ఇది: 170141183460469231731687303715884105727. సెకనుకొక సంఖ్యతో భాగించి చూసినా కోట్ల సంవత్సరాలు చాలవు.

లూకాస్ వేరే దారి తొక్కారు. ఆయన పరీక్షను 1930లో అమెరికాకు చెందిన లెహ్మర్ సులువు చేశారు. 4తో మొదలుపెట్టాలి. దానిని దానితోనే గుణించి 2 తీసేయాలి. వచ్చినదాన్ని పరీక్షించే సంఖ్యతో భాగించి, శేషంతో మళ్లీ అలాగే చేయాలి. రెండ్లు ఎన్నో అంతకు రెండు తక్కువ సార్లు చేశాక సున్నా మిగిలితే అది ప్రధాన సంఖ్య. 31 విషయంలో మొదట 14 వస్తుంది. తర్వాత 194, అందులో శేషం 8. మూడోసారి 62, శేషం సున్నా. 127 రెండ్ల సంఖ్యకయితే 125 సార్లు చేయాలి.

మెర్సెన్ చెప్పినట్లు 127 రెండ్ల సంఖ్య ప్రధాన సంఖ్యేననీ, 67 రెండ్లది మాత్రం కాదనీ లూకాస్ 1876లో తేల్చారు. ఆ రెండోది ఏయే సంఖ్యల లబ్ధమో తెలియకుండానే ఆ మాట చెప్పగలిగారు. 1903లో కోల్ అనే అమెరికన్ పండితుడు ఆ సంఖ్యలు 193707721, 761838257287 అని చూపారు.

పిల్లలు ఆడుకునే హనోయి గోపురం ఆట కూడా 1883లో లూకాస్ తెచ్చిందే. మూడు కర్రలుంటాయి. ఒక కర్రకున్న బిళ్లలను ఒక్కొక్కటిగా మరో కర్రకు మార్చాలి. చిన్న బిళ్ల మీద పెద్దది పెట్టరాదు. మూడు బిళ్లలకు కనీసం 7 ఎత్తులు, అయిదింటికి 31 ఎత్తులు కావాలి. కాశీ ఆలయంలో పూజారులు 64 బంగారు బిళ్లలు మారుస్తున్నారనీ, ఆ పని పూర్తయితే ప్రళయమేననీ ఈ ఆట చుట్టూ ఒక కట్టుకథ కూడా అల్లారు.

1891లో ఒక విందులో పళ్లెం పగిలి, దాని పెంకు లూకాస్ చెంపకు గీరుకుంది. ఆ చిన్న గాయమే విషమించి అక్టోబరు 3న ఆయన కన్నుమూశారు. అప్పటికి వయసు 49 ఏళ్లే.

ఆయన తేల్చిన సంఖ్యను మించిన ప్రధాన సంఖ్య 1951 వరకు ఎవరికీ దొరకలేదు. 2024లో 4,10,24,320 అంకెలున్న ప్రధాన సంఖ్య బయటపడింది. కంప్యూటర్లు దానిని ధ్రువపరచింది ఆ మాస్టారు చూపిన పరీక్షతోనే.