విద్యాసాగరుల మైత్రి

ఈశ్వరచంద్ర విద్యాసాగరుల నామము మన పెద్దలకు సుపరిచితము. మన వీరేశలింగము పంతులుగారిని దక్షిణదేశ విద్యాసాగరులని కొనియాడుట లోకవిదితమే కదా! వారు 1820 లో వంగదేశమున బీరసింహగ్రామమున నొక పేదయింట జన్మించి, కలకత్తా సంస్కృత కళాశాలలో చదివి, ఆ కళాశాలకే అధ్యక్షులైరి. 1856 లో వితంతువివాహశాసనము వెలువడుటకు వారి కృషియే ముఖ్యకారణము. ఈ కథ పెక్కు గ్రంథములందు గలదు గావున నిచ్చట విస్తరింపను. ఒక్క మిత్రునికై వారు పడిన శ్రమనుమాత్రము మన కులబాంధవులకు విన్నవించెదను.

ఆ మిత్రుడు మైకేల్ మధుసూదన దత్తు. ఇతడు కాయస్థుడు, 1843 లో క్రైస్తవమతమును స్వీకరించెను. 1848 మొదలు 1856 వఱకు మన చెన్నపట్టణముననే ఉపాధ్యాయుడుగను, పత్రికారచయితగను గాలము గడపెను. పిమ్మట కలకత్తా చేరి వంగభాషలో ప్రాసనియమము లేని నూతనవృత్తమున గావ్యములు రచించెను. ఆ వృత్తము తొలుత విద్యాసాగరులకు రుచింపలేదు. (పండితుల చెవికి గ్రొత్త నడక యొకనాట రుచించునా?) పిదప మెచ్చిరి. 1862 లో మధుసూదనుడు తన వీరాంగనాకావ్యమును వారికే అంకితము చేసెను. కులము వేఱు, మతము వేఱు, నడవడి మఱింత వేఱు. అయినను మైత్రి కుదిరెను.

ఆ సంవత్సరమే అతడు బారిష్టరు పరీక్షకై సీమకేగెను. తన యాస్తిపై రాబడిని బంపుటకు నియమించిన వారు పంపుట మానిరి. భార్యాబిడ్డలును అచ్చటికే చేరిరి. 1863 లో ఫ్రాన్సుదేశపు వర్సేలు నగరమునకు మాఱినను ఋణబాధ తీఱలేదు. చెఱసాల తప్పదను భయము గలిగెను. 1864 జూనులో విద్యాసాగరులకు జాబు వ్రాసెను.

అప్పటి వారి స్థితి యెట్టిది? నెలకు 500 రూపాయల కొలువును 1858 లోనే విడిచిరి. పాఠ్యపుస్తకములే జీవనాధారము. వితంతువివాహముల వ్యయము తామే భరించి అప్పులపాలైరి. మెట్రోపాలిటన్ పాఠశాల భారము వారిదే. వాకిట యాచకులు నిత్యము నిలిచియుందురు. అయినను జాబందిన పిమ్మట జాగుసేయక, అప్పు దెచ్చి 1500 రూపాయలు పంపిరి. ఆగస్టు 28 వ తేదీన, ఇంట మూడు ఫ్రాంకులు మాత్రమే మిగిలియున్న దినమున, ఆ సొమ్ము వర్సేలు చేరెను.

లోకులు ఈ సొమ్మునే పొగడుదురు. నాకు దోచినంతలో అంతకు మించినది వారు వెచ్చించిన కాలము. తమది కాని యాస్తి వ్యవహారమును దలకెత్తుకొని, దానిపై ఋణము లేర్పఱచి, తామే పూటపడి, రెండేండ్లకు పైగా సముద్రము దాటి వచ్చు జాబులకు సమాధానములు వ్రాయుచుండిరి. 1866 లో క్షామము రాగా స్వగ్రామమున నన్నసత్రము నడపిరి. ఆ డిసెంబరులో బండి బోల్తాపడి కాలేయమునకు దెబ్బ తగులగా, తరువాత పూర్ణారోగ్యము వారికి మఱి లభింపలేదు. మిత్రకార్యమును మాత్రము విడువలేదు.

1866 నవంబరులో మధుసూదనుడు బారిష్టరై, మఱుసటియేట స్వదేశము చేరెను. అతనికై విద్యాసాగరులొక యిల్లు సిద్ధపఱచి యుంచిరి. అతడా యింట గాలుపెట్టక స్పెన్సు హోటలులో దిగెను! ఋణదాతలు విద్యాసాగరులనే నిలువదీసిరి. ఇది వారి లౌక్యలోపమని కొందఱందురు. లౌక్యమే చూచుకొనినచో వర్సేలులో నా కుటుంబము గతి యేమయ్యెడిది?

భార్య మరణించిన మూడవనాడు, 1873 జూను 29 వ తేదీన, మధుసూదనుడు కన్నుమూసెను. వర్సేలులో నతడు రచించిన చతుర్దశపదులు 1866 లోనే గ్రంథరూపమున వెలువడినవి. వానిలో నొకటి విద్యాసాగరులను గూర్చినది.