మొదటి ఉద్యోగానికి ముందు నైటింగేల్‌ అడిగిన ప్రశ్నలు

ఫ్లోరెన్స్‌ నైటింగేల్‌ అంటే దీపం గుర్తొస్తుంది. ఆ దీపం చేత పట్టకముందు ఆమె కూడా ఒక కొత్త నర్సే. ఏ ఉద్యోగంలో చేరాలో తేల్చుకోవాల్సిన రోజులు ఆమెకూ వచ్చాయి. చేతిలో రెండు ఆఫర్లతో ఆలోచనలో పడ్డ నేటి నర్సులకు ఆ రోజులు పనికొస్తాయి.

మీది తిరువూరు అనుకుందాం. జీఎన్‌ఎం గానీ బీఎస్సీ నర్సింగ్‌ గానీ పూర్తయింది. నర్సింగ్‌ కౌన్సిల్‌ రిజిస్ట్రేషన్‌ చేతికొచ్చింది. రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. ఒకటి ఊళ్లోనే ఉన్న చిన్న ఆసుపత్రి. ఇంటి భోజనం, తెలిసిన మనుషులు, తక్కువ జీతం. రెండోది విజయవాడలో పెద్ద ఆసుపత్రి. మైలవరం మీదుగా బస్సులో రోజూ వెళ్లి రావడం కుదరదు కాబట్టి హాస్టల్లో ఉండాలి. జీతం కాస్త ఎక్కువ, పేరు చాలా ఎక్కువ. ఊళ్లోనే ఉండమని అమ్మ, వెళ్లిపొమ్మని కాలేజీ సీనియర్లు. మీకు రాత్రి నిద్ర పట్టడం లేదు.

ల్యాంప్‌ లైటింగ్‌ రోజున మీరు చదివిన ప్రతిజ్ఞకు నైటింగేల్‌ పేరుంది. నిజానికి దాన్ని రాసింది ఆమె కాదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో లిస్ట్రా గ్రెటర్‌ అధ్వర్యంలోని కమిటీ రాసి, ఆమె గౌరవార్థం ఆ పేరు పెట్టింది. నైటింగేల్‌ నుంచి మనం నేర్చుకోవాల్సింది ప్రతిజ్ఞలో కంటే ఆమె ఉద్యోగాలు ఎంచుకున్న తీరులో ఎక్కువగా ఉంది.

ఇంట్లో ఒప్పుకోని చదువు

ఫ్లోరెన్స్‌ 1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్‌ నగరంలో పుట్టింది. ఊరి పేరే బిడ్డకు పెట్టారు. కలవారి కుటుంబం. తండ్రే దగ్గర కూర్చోబెట్టుకుని భాషలు, చరిత్ర నేర్పాడు. లెక్కలంటే ఆమెకు ప్రాణం. పదహారేళ్ల వయసులోనే సేవకు దేవుడు పిలిచాడన్న నమ్మకం మనసులో నాటుకుంది.

ఆ రోజుల్లో ఇంగ్లండులో ఆసుపత్రి నర్సు అంటే గౌరవం లేదు. చదువు, శిక్షణ లేని పేద స్త్రీలు గతిలేక చేసే పనిగా చూసేవారు. 1845లో సాలిస్‌బరీ ఆసుపత్రిలో కొన్నాళ్లు పని నేర్చుకుంటానని అడిగితే ఇంట్లో గొడవైపోయింది. 1849లో చాలా కాలంగా తెలిసిన ఒక పెద్దమనిషితో పెళ్లి సంబంధాన్ని కాదంది. 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌ సంస్థలో మూడు నెలల పాటు రోగుల సేవ నేర్చుకుంది. అప్పటికి ఆమెకు 31 ఏళ్లు. మీరు 22 ఏళ్లకు అందుకున్న శిక్షణలో నాలుగో వంతు కూడా ఆమెకు దక్కలేదు. అందుకోసమే ఆరేళ్లు ఇంట్లో పోరాడింది.

చిన్న చోట పెద్ద చదువు

1853 ఆగస్టులో తొలి ఉద్యోగం వచ్చింది. లండన్‌ హార్లే స్ట్రీట్‌లో, ఆదాయం లేని మర్యాదస్థుల ఇళ్ల ఆడవారి కోసం నడిచే చిన్న ఆసుపత్రికి సూపరింటెండెంట్‌. జీతం లేదు. తల్లికీ అక్కకూ ఇది బొత్తిగా నచ్చలేదు. తండ్రి మాత్రం ఏటా 500 పౌండ్లు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు.

ఈ 500 పౌండ్లను మీరు మరిచిపోకూడదు. నైటింగేల్‌ జీతం చూసుకోలేదని చెప్పి మిమ్మల్ని తక్కువకు ఒప్పించాలని ఎవరైనా చూస్తే, ఆమె వెనక తండ్రి ఆస్తి ఉందని చెప్పండి. చదువుకు చేసిన అప్పు, ఇంటి అవసరం లెక్కలోకి తీసుకోవడం స్వార్థం కాదు.

జీతం అడగకపోయినా ఆమె షరతులు అడిగింది. ఆ సంస్థ కమిటీ ఒక క్రైస్తవ శాఖ వారినే చేర్చుకోవాలని పట్టుబట్టింది. ఏ మతం రోగినైనా చేర్చుకోవాలని, వారి మతగురువులను రానివ్వాలని ఆమె వాదించింది. కమిటీ తలూపితే సరిపోదని, ఆ ఒప్పందాన్ని రాతపూర్వకంగా తీసుకుంది. వేడినీళ్లు పై అంతస్తులకు గొట్టాల్లో రావాలంది. భోజనం పైకి పంపే చిన్న లిఫ్టు కావాలంది. రోగి గంట కొడితే ఏ గది నుంచి మోగిందో నర్సుకు తెలిసే ఏర్పాటు కోరింది. మెట్లెక్కి దిగడంలోనే నర్సు సగం రోజు పోతే రోగి దగ్గర ఉండేదెప్పుడన్నది ఆమె లెక్క. ఇప్పుడు ప్రతి మంచం పక్కనా ఉండే కాల్‌బెల్‌ వెనక ఉన్న ఆలోచన అదే.

సరుకులు టోకున కొనడం, వృథా ఆపడం, నచ్చజెప్పి కమిటీని దారికి తెచ్చుకోవడం, పనిచేయని సిబ్బందిని మార్చడం, ప్రతి మూడు నెలలకూ లెక్క అప్పజెప్పడం అక్కడే నేర్చుకుంది. కానీ ఏడాది తిరిగేసరికి ఆ చోటు హద్దులు కూడా తెలిశాయి. నర్సులకు శిక్షణ ఇవ్వాలన్నది ఆమె కోరిక. అంత చిన్న సంస్థలో అది సాగదు.

రెండు పిలుపులు

1854లో లండన్‌లో కలరా చెలరేగింది. నైటింగేల్‌ మిడిల్‌సెక్స్‌ ఆసుపత్రికి వెళ్లి రోగులకు సేవ చేసింది. అదే ఏడాది, హార్లే స్ట్రీట్‌లో ఆమె పని కళ్లారా చూసిన సర్జన్‌ విలియం బౌమన్‌ ఒక ప్రతిపాదన తెచ్చాడు. పేరున్న కింగ్స్‌ కాలేజ్‌ ఆసుపత్రిలో నర్సుల సూపరింటెండెంట్‌ పదవి. నర్సులకు శిక్షణ ఇచ్చే అవకాశం ఉన్న చోటు అది. ఇంట్లో మళ్లీ వద్దన్నారు. ఆమె మాత్రం అటే మొగ్గింది.

అంతలో అక్టోబరులో టైమ్స్‌ పత్రికలో క్రిమియా యుద్ధ వార్తలు వచ్చాయి. గాయపడ్డ సైనికులకు కట్టు కట్టే దిక్కు లేదన్న సంగతి దేశాన్ని కదిలించింది. ముందు కొద్దిమంది నర్సులతో సొంతంగా వెళ్దామనుకుంది. సరిగ్గా అప్పుడే యుద్ధ వ్యవహారాల మంత్రి సిడ్నీ హెర్బర్ట్‌ ఉత్తరం రాశాడు. ఆమె ఉత్తరం అటు, ఆయన ఉత్తరం ఇటు దారిలో ఎదురెదురయ్యాయి. ఆయన ఇవ్వజూపింది ప్రభుత్వ నియామకం. నర్సులను ఎంచుకునే హక్కు, ఖర్చుకు డబ్బు, వారి మీద అధికారం.

ఆమె రెండోదాన్ని ఎంచుకుంది. సాహసమని అందరూ మెచ్చుకున్నారు. కానీ మీరు గమనించాల్సింది వేరే ఉంది. ఒట్టి ఆవేశంతో సొంతంగా వెళ్లడం, అధికారం ఉన్న ఉద్యోగంగా వెళ్లడం ఒకటి కాదు. అక్టోబరు 21న 38 మంది నర్సులతో బయల్దేరి, నవంబరు 4న ఇస్తాంబుల్‌కు ఎదురుగా ఉన్న స్కుటారి చేరింది. పద్నాలుగు నెలల చిన్న ఉద్యోగంలో నేర్చుకున్న సరుకుల లెక్క, వంటగది నిర్వహణ, పైవాళ్లతో వ్యవహారం అక్కడ ప్రాణాధారమయ్యాయి.

అసలు పిలుపే రానివారూ ఉన్నారు. జమైకా నుంచి వచ్చిన మేరీ సీకోల్‌ క్రిమియా వెళ్తానని అడిగితే అధికారులు తిప్పి పంపారు. ఆమె సొంత డబ్బుతో వెళ్లి, బాలక్లావా దగ్గర వసతి నడిపి సైనికులను ఆదుకుంది. మీకు ఇప్పుడు ఒక్క ఆఫరూ రాకపోతే ఆమెను గుర్తుచేసుకోండి.

ఆర్డరులో ఒక్క మాట

స్కుటారిలో సైనిక వైద్యులు మొదట నర్సులను వార్డుల్లోకి రానివ్వలేదు. నైటింగేల్‌ తోసుకుని వెళ్లలేదు. వైద్యులు పిలిచేదాకా ఆగమని తనవారికి చెప్పింది. అందాకా వంట, బట్టలు, పరుపులు చూసుకున్నారు. ఇంకర్‌మన్‌ పోరులో గాయపడ్డవారు వందలుగా వచ్చి పడేసరికి వైద్యులే పిలిచారు.

తర్వాత వచ్చిన చిక్కు నియామక పత్రంలోంచే వచ్చింది. టర్కీలోని ఆంగ్లేయ ఆసుపత్రుల నర్సులకు ఆమె సూపరింటెండెంట్‌ అని అందులో ఉంది. క్రిమియా టర్కీలో లేదు. అక్కడి ఆసుపత్రులకు వెళ్లినప్పుడు, ఆమెకు ఇక్కడ అధికారం లేదని సైనిక వైద్యాధికారి జాన్‌ హాల్‌ అడ్డం తిరిగాడు. ఈ తగవు తేలి, ఆమె అధికారాన్ని స్పష్టం చేస్తూ ఉత్తర్వు వచ్చేసరికి 1856 మార్చి. ఆ నెలాఖరుకు యుద్ధమే ముగిసింది. ఒక్క మాట సరిగా రాయకపోవడం వల్ల నెలల తరబడి ఆమె శక్తి రోగుల మీద కాక తగవుల మీద ఖర్చయింది.

మీ ఆఫర్‌ లెటర్‌ను నాలుగుసార్లు చదవమనేది ఇందుకే. స్టాఫ్‌ నర్సు అని చెప్పి ట్రైనీ అని రాశారా? ఐసీయూ అని చెప్పి ఎక్కడ వేస్తే అక్కడ అని రాశారా? చేరాక అడిగితే ఆలస్యమైపోతుంది.

దీపం చూడని మురుగు

1855 ఫిబ్రవరిలో స్కుటారిలో మరణాలు తారస్థాయికి చేరాయి. ఆసుపత్రిలో చేరిన ప్రతి వందమందిలో 40 మందికి పైగా చనిపోయారు. నైటింగేల్‌ రాత్రీ పగలూ తిరిగినా ఆగలేదు. మార్చిలో వచ్చిన శానిటరీ కమిషన్‌ భవనం కింది మురుగు కాలువలు తోడించింది, నీళ్లు శుభ్రం చేయించింది, గోడలకు సున్నం కొట్టించింది, గాలి ఆడే ఏర్పాట్లు చేసింది. జూన్‌ నాటికి మరణాలు వందకు రెండు స్థాయికి దిగాయి.

ఇంగ్లండు తిరిగొచ్చాక గణాంక నిపుణుడు విలియం ఫార్‌తో కలిసి ఆమె లెక్కలు వేసింది. గాయాల కంటే ఆపగలిగిన అంటురోగాలే ఎక్కువ ప్రాణాలు తీశాయని తేలింది. ఎంత మంచి నర్సయినా, చెడ్డ భవనంలో ఒక్కతే ఏమీ చేయలేదన్న చేదు నిజం అది. దాన్ని దాచకుండా రంగుల పటాలుగా గీసి ప్రభుత్వం ముందుంచింది. 1858లో లండన్‌ స్టాటిస్టికల్‌ సొసైటీలో తొలి మహిళా సభ్యురాలైంది.

ఆమె కూడా మూల్యం చెల్లించింది. 1855 మేలో బాలక్లావాలో తీవ్రమైన జ్వరం వచ్చింది. అది బ్రుసెల్లోసిస్‌ కావచ్చని నేటి వైద్యుల అంచనా. ఆ తర్వాత చాలా ఏళ్లు మంచానికీ గదికీ పరిమితమైంది. పని పేరుతో నిద్ర, తిండి మానుకోవడం సేవలో భాగం కాదని నైట్‌ డ్యూటీలకు వెళ్లబోయే మీరు గుర్తుంచుకోవాలి.

ఒంటరిగా పంపలేదు

ప్రజలు ఇచ్చిన సుమారు 45 వేల పౌండ్ల నిధితో 1860లో లండన్‌ సెయింట్‌ థామస్‌ ఆసుపత్రిలో నర్సింగ్‌ స్కూలు మొదలైంది. శిక్షణ ఏడాది. వసతి, భోజనం, యూనిఫాం ఉచితం. ఏడాదికి 10 పౌండ్లు చేతికిచ్చేవారు. చదువు అయ్యాక వారిని ఎక్కడికి పంపాలన్నది ఆమెకు ముఖ్యమైన విషయం. అనుభవమున్న ఒక పెద్ద నర్సుతో పాటు జట్టుగా పంపడం ఆమె పద్ధతి. 1865లో లివర్‌పూల్‌లోని పేదల ఆసుపత్రికి ఆగ్నెస్‌ జోన్స్‌ వెంట 12 మంది వెళ్లారు. 1868లో సిడ్నీకి లూసీ ఆస్బర్న్‌తో పాటు ఐదుగురు వెళ్లారు. కొత్త నర్సుకు పక్కన అడిగి తెలుసుకోవడానికి ఒక మనిషి కావాలి. అంత ఏర్పాటు ఉన్నా ఆగ్నెస్‌ జోన్స్‌ వెయ్యికి పైగా రోగుల భారం మోస్తూ, టైఫస్‌ సోకి 1868లో 35 ఏళ్లకే కన్నుమూసింది.

మన నీళ్ల గురించి కూడా

నైటింగేల్‌ భారతదేశానికి ఎప్పుడూ రాలేదు. కానీ 1859 నుంచి ఇక్కడి సైనిక శిబిరాల ఆరోగ్యంపై రాయల్‌ కమిషన్‌ కోసం ఏళ్ల తరబడి పనిచేసింది. ఏటా వెయ్యికి 69గా ఉన్న సైనికుల మరణాలు 18కి తగ్గినట్లు 1870లలో రాసింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన సర్‌ ఆర్థర్‌ కాటన్‌ను గట్టిగా సమర్థించింది. జబ్బు పుట్టేది వార్డులో కాదు, నీటిలో, కాలువలో, పొలంలో అని ఆమె నమ్మిక.

తిరువూరు నర్సుకు ఇది దూరపు సంగతి కాదు. పక్కనున్న ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో మీకు తెలుసు. తాగడానికి కృష్ణా నీళ్లు కావాలని అక్కడివారు ఎందుకు అడిగారో కూడా తెలుసు. విజయవాడలో రెండేళ్లు డయాలిసిస్‌ యూనిట్లో పని నేర్చుకుని తిరిగొచ్చే నర్సు ఊరిని వదిలేసినట్లు కాదు. ఊళ్లోనే ఉండి, మంచి సీనియర్‌ దగ్గర పని నేర్చుకునే నర్సు వెనకబడినట్లూ కాదు. మొదటి ఉద్యోగం మూడుముళ్ల బంధం కాదు. నైటింగేల్‌ తొలి ఉద్యోగం పద్నాలుగు నెలలే.

ఆమె 1910 ఆగస్టు 13న, 90 ఏళ్ల వయసులో కన్నుమూసింది. పెద్ద చోటా చిన్న చోటా అని ఆమె చూడలేదు. ఏం నేర్చుకుంటాను, నాకు ఏ అధికారం ఉంటుంది, అది కాగితం మీద ఉందా అని చూసింది.

సంతకం పెట్టేముందు

• ఒక షిఫ్టులో, ముఖ్యంగా రాత్రిపూట, ఒక్కో నర్సుకు ఎంతమంది రోగులు? పిలిస్తే వచ్చే డాక్టరు, సీనియర్‌ నర్సు ఉంటారా?

• మొదటి నెలల్లో పని నేర్పేది ఎవరు? ఏ వార్డులో, ఎన్నాళ్లు?

• చేతికి వచ్చే జీతం ఎంత? హాస్టల్‌, భోజనం ఖర్చులు పోగా మిగిలేదెంత? పీఎఫ్‌, ఈఎస్‌ఐ ఉన్నాయా?

• బాండ్‌ ఉందా? ఒరిజినల్‌ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టమంటున్నారా? అలా అడిగితే అక్కడే ఆగి ఆలోచించండి.

• చేతులు కడుక్కునే చోటు, గ్లౌజులు, సూదులు పారేసే డబ్బా వార్డులో ఉన్నాయా? హెపటైటిస్‌-బి టీకా వేయిస్తారా?

• వీలైతే చేరేముందు ఒకసారి వార్డు చూసి రండి. అక్కడ పనిచేస్తున్న నర్సుతో పది నిమిషాలు మాట్లాడండి. ఆఫర్‌ లెటర్‌లో లేనివి కూడా ఆ పది నిమిషాల్లో తెలుస్తాయి.